59 నిండింది. వాలంటరీ రిటైర్మెంటు ఇచ్చేయాలా, 62 దాకా లాగాలా?

కట్టమంచి_సారు
జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. 1994లో చేరాను, అంటే పాత పెన్షనే. పోయిన నెల 59 నిండింది, ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. బడి చిత్తూరు నుంచి నలభై కిలోమీటర్లు. పొద్దున రెండు బస్సులు మారాలి, సాయంత్రం మళ్ళీ రెండు. కుడి మోకాలు అరిగిపోయిందని డాక్టరు అంటున్నాడు. పాఠం చెప్పడం కష్టం కాదు. పాఠం మొదలుపెట్టే లోపల నా హాజరుకి ఫోన్లో ముఖం చూపించాలి, పిల్లల హాజరు ఎక్కించాలి, ఆ యాప్ తిరుగుతూనే ఉంటుంది. ఈ లోపల బెల్లు కొడతారు.

బేసిక్ 96 వేల పైన. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిపి లక్షా పాతిక దాటుతుంది. ఇప్పుడు దిగితే పెన్షన్ డీఆర్‌తో (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) కలిపి అరవై, అరవై రెండు రావచ్చు. సొంతిల్లుంది, అప్పుల్లేవు, అమ్మాయి పెళ్ళయింది. మా ఆవిడ మాత్రం 'ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, ఇంకో మూడేళ్ళు పో' అంటోంది. ఈ దారిలో పోయొచ్చినవాళ్ళు చెప్పండి.

గిరింపేట_కుర్రోడు
లక్షా పాతిక వదిలేసి అరవైకి వస్తానంటున్నారా? సార్, ఆ మిగతా అరవై ఐదు నాకు ఇప్పించండి. మీ బదులు నేను ముఖం చూపిస్తా.

పలమనేరు_తెలుగుసారు
ముందు సర్వీసు లెక్క చూసుకోండి. పూర్తి పెన్షన్‌కి మనకు 33 ఏళ్ళు కావాలి. మీకు 31 అయ్యాయి. వాలంటరీ తీసుకుంటే వెయిటేజీ అని, చేయని సర్వీసు ఐదేళ్ళ దాకా కలుపుతారు, మొత్తం 33కి మించకుండా. అంటే మీకు రెండేళ్ళు కలిసి 33 నిండుతుంది. ఆ పక్క నష్టం లేదు. మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అంతకన్నా ముందు ఎస్సార్ (సర్వీసు రిజిస్టరు) తెప్పించి ఒక్కో పేజీ చూడండి. నా దాంట్లో 1998లో ఒక ఇంక్రిమెంటు ఎక్కించడం మర్చిపోయారు. దాన్ని సరిచేయించడానికి నాలుగు నెలలు తిరిగాను.

పాతచింతకాయ
ఈ రిటైర్మెంటు వయసుకీ మా ఇంటికీ పడదు. 1983 ఫిబ్రవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం వయసును 58 నుంచి 55కి తగ్గించింది. మా నాన్నకి అప్పుడు 56. పొద్దున టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆఫీసుకి పోయినాయన సాయంత్రం పూలదండతో తిరిగొచ్చారు. మా తమ్ముడు ఇంకా డిగ్రీ చదువుతున్నాడు, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు కాలేదు. తర్వాత మళ్ళీ 58 చేశారు.

ఇక నా సంగతి. 2014 ఏప్రిల్ నెలాఖరున 58కి నేను దిగిపోయాను. జూన్‌లో 60 చేశారు. రెండు నెలలు. ఆ తర్వాత 2022 జనవరి నుంచి 62. మా తమ్ముడు ఆ 62ని పూర్తిగా అనుభవించి దిగాడు, పండగకి వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తాడు.

కట్టమంచి సారూ, వయసు పెంచినప్పుడు ఒకడు ఏడుస్తాడు, తగ్గించినప్పుడు ఇంకొకడు ఏడుస్తాడు. మీ చేతిలో ఎంపిక ఉంది, అదే గొప్ప.

మోకాళ్ళపర్వతం
నేను కొండమీద పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ అనుకునేవాణ్ణి, దిగిపోయాక రోజూ అలిపిరి నుంచి నడిచి ఎక్కుతానని. 3550 మెట్లు. దిగిపోయాక రెండుసార్లు ఎక్కాను. రెండోసారి మోకాళ్ళ పర్వతం దగ్గర కూర్చుండిపోతే ఒక తమిళాయన పట్టుకుని లేపాడు. నా ఐడీ చూశారు కదా, అది భక్తితో పెట్టుకున్నది కాదు.

సారూ, మోకాలు ఉండగానే దిగండి. తిరుపతి బర్డ్ ఎముకల ఆసుపత్రిలో ఒకసారి చూపించుకోండి.

గిరింపేట_కుర్రోడు
😂😂 ఐడీకి ఇంత కథ ఉందా పెద్దాయనా

లెక్కలమ్మ
బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసి, దిగి నాలుగేళ్ళయింది. తిరుపతి బాలాజీ కాలనీ. ఎవరూ లెక్క వేయలేదు కాబట్టి నేను వేస్తాను.

జీతానికీ పెన్షన్‌కీ తేడా నెలకి 65 వేలు అనుకుందాం. 36 నెలలకి 23 లక్షల 40 వేలు. ఇది చూసి అందరూ 'అమ్మో' అంటారు. అయితే జీతం ఏడాదికి 15 లక్షలు. కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 14.25 లక్షల మీద పన్ను సెస్సుతో కలిపి 97,500. పెన్షన్ ఏడాదికి ఏడున్నర లక్షల లోపే, 12 లక్షల దాకా పన్ను కట్టక్కర్లేదు కాబట్టి దాని మీద సున్నా. మూడేళ్ళ పన్ను తీసేస్తే అసలు తేడా ఇరవైన్నర లక్షలు. దాంట్లోంచి బస్సు చార్జీలు, బయట తినే తిండి తీసేయండి.

దీనికి తోడు మూడు ఇంక్రిమెంట్లు పోతాయి, కాబట్టి పెన్షన్ కొంచెం తగ్గిన అంకె మీదే జీవితాంతం నడుస్తుంది. 12వ పీఆర్సీ (జీతాల సవరణ) 2023 జూలై నుంచి రావాల్సింది. అది మీరు సర్వీసులో ఉండగా వస్తే ఒక రకం, దిగాక వస్తే ఇంకో రకం. దాన్ని నేను లెక్కలో వేయలేను.

అంటే ప్రశ్న ఇది: మూడేళ్ళ మోకాలి నొప్పికి ఇరవై లక్షలు గిట్టుబాటేనా? అది మీరే చెప్పాలి.

బెంగుళూరా
మేడమ్ మోకాలికి కూడా ధర కట్టేశారు. కిలో ఎంత పడిందో అదీ చెప్పండి.

డీఎస్సీ2003
ఈ థ్రెడ్డు చదువుతుంటే కడుపు మండుతోంది, ఏమీ అనుకోకండి. మేము 2003 డీఎస్సీ. పరీక్ష రాసింది పాత పెన్షన్ ఉన్న కాలంలో, పోస్టింగులు ఇచ్చింది 2005 నవంబరులో. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళంతా సీపీఎస్ (జీతంలోంచి కోసి పోగుచేసిన సొమ్ము మీదే ఇచ్చే పెన్షన్) అన్నారు. ఆలస్యం చేసింది మేము కాదు, పెన్షన్ పోయింది మాకు.

సార్‌కి దిగడం ఎప్పుడా అనే ప్రశ్నయినా ఉంది. నేను ఇప్పుడు మధ్యలో దిగితే పోగైన దాంట్లో 80 శాతంతో యాన్యుటీ (నెలనెలా సొమ్మిచ్చే పాలసీ) కొనాలి, చేతికొచ్చేది 20 శాతం. పూర్తి వయసుకి దిగితే 60 శాతం చేతికిస్తారు, దాని మీద పన్ను లేదు. మిగతా 40 శాతానికి యాన్యుటీ. నా ఖాతాలో దిగేనాటికి 40 లక్షలు అవుతాయనుకోండి. 16 లక్షలు యాన్యుటీకి పోతాయి. ఆరున్నర శాతం ఇచ్చినా నెలకి 8,700 లోపే. డీఏ ఉండదు, పీఆర్సీ ఉండదు, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అదే 8,700. అప్పటికి కిలో బియ్యం ఎంతుంటుందో?

సీపీఎస్ బదులు జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్) అని 2023లో చట్టం చేశారు కదా అని ఎవరూ మొదలుపెట్టకండి. ఆ మాట ఎత్తితే ఈ చర్చ ఇంకో వారం నడుస్తుంది.

పలమనేరు_తెలుగుసారు
అమ్మా, మీ బాధ నిజమే. మా బడిలో ఇద్దరు ఒకే స్టాఫ్‌రూములో పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు 2002 బ్యాచ్, ఒకరు మీ బ్యాచ్. పెన్షన్ మాట వస్తే ఒకరు లేచి బయటికి పోతారు.

రేణిగుంట_మూడోషిఫ్టు
అక్కా, 8,700 తక్కువ అంటున్నారు, నాది వినండి. ప్రైవేటు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళ పైన, మూడో షిఫ్టు. నాది ఈపీఎస్, అంటే పీఎఫ్ ఆఫీసు ఇచ్చే పెన్షన్. పెన్షన్ లెక్కకి జీతం ఎంతున్నా 15 వేలే చూస్తారు, 2014 సెప్టెంబరుకి ముందు సర్వీసుకైతే 6,500. దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. 58కి రావాల్సిన పెన్షన్‌ను నేను తొందరపడి 55కే పెట్టుకున్నా. ఏడాదికి 4 శాతం కోత. ఆ కోత 58 నిండితే పోతుందనుకున్నా, పోదు, చచ్చేదాకా ఉంటుంది. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు నాకు వచ్చేది మూడు వేల చిల్లర. మా అమ్మకి వచ్చే ఎన్టీఆర్ భరోసా 4,000. ఒకటో తేదీ వచ్చిందంటే మా అమ్మ నన్ను చూసి నవ్వుతుంది.

లెక్కలమ్మ
మూడోషిఫ్టు తమ్ముడూ, పీఎఫ్ డబ్బులు ఏం చేశావు?

రేణిగుంట_మూడోషిఫ్టు
14 లక్షలొచ్చాయి మేడమ్. ఇంటి మీద ఒక అంతస్తు వేశా. అద్దె 7 వేలు వస్తోంది. అందరూ తిట్టారు గానీ ఆ అద్దెతోనే నడుస్తోంది. మొన్న అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తే రెండు నెలలు నిద్ర పట్టలేదు.

సెట్టిపల్లె_షెడ్డు
రైల్వే క్యారేజీ షాపులో చేసి 2017లో దిగాను. కమ్యుటేషన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అంటే పెన్షన్‌లో కొంత అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవడం, 40 శాతం దాకా అమ్ముకోవచ్చు. మాకు 60కి దిగితే, అమ్మిన పెన్షన్ ఏడాది మొత్తానికి 8.194 రెట్లు ఇస్తారు. నేను నెలకి 20 వేలు అమ్ముకున్నా, 19 లక్షల 66 వేలు చేతికొచ్చింది. 15 ఏళ్ళపాటు నెలకి 20 వేలు కోస్తారు, మొత్తం 36 లక్షలు. 2032 దాకా నాకు విముక్తి లేదు.

లెక్కలమ్మ
షెడ్డు గారు, 19.66 తీసుకుని 36 కట్టడం అంటే ఘోరంగా కనిపిస్తుంది గానీ వడ్డీ లెక్కన చూస్తే ఏడాదికి తొమ్మిది శాతం అప్పు అది. పర్సనల్ లోన్ కన్నా నయం. పైగా మనిషి పోతే బాకీ కూడా ఆయనతోనే పోతుంది, ఫ్యామిలీ పెన్షన్‌లో కోత వేయరు. డీఆర్ కూడా అమ్ముకోక ముందున్న పూర్తి పెన్షన్ మీదే ఇస్తారు. అవసరం ఉన్నవాడికి చెడ్డది కాదు. తొమ్మిదికి తెచ్చి ఏడుకి ఫిక్స్‌డ్ వేసేవాళ్ళని చూస్తే మాత్రం నాకు కోపం. మా కౌంటర్ దగ్గర అట్లాంటివాళ్ళను ఎంతమందిని చూశానో.

సెట్టిపల్లె_షెడ్డు
నేను ఏడుకి కూడా వేయలేదు మేడమ్. మా వాడికిచ్చా, మొబైల్ షాపు పెట్టాడు. కోవిడ్‌లో మూసేశాడు.

కట్టమంచి_సారు
అందరికీ ధన్యవాదాలు. ఒక విషయం మొదట రాయలేదు. మా అబ్బాయి బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. సర్జాపూర్ రోడ్డులో ఫ్లాటు చూశాడు. ముందు కట్టాల్సింది, రిజిస్ట్రేషను కలిపి 30 లక్షలు తక్కువ పడుతున్నాయి. నేను ఇప్పుడు దిగితే గ్రాట్యుటీ గరిష్ఠం 16, కమ్యుటేషన్ ఒక 19, మొత్తం 35 చేతికొస్తుంది. మూడేళ్ళు ఆగితే ఆ ధరకి ఫ్లాటు ఉండదంటున్నాడు. మోకాలి నొప్పి నిజమే, అబద్ధం కాదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

బెంగుళూరా
అదీ సంగతి. మోకాలు చిత్తూరులో ఉంది, నొప్పి బెంగుళూరులో ఉంది.

మోకాళ్ళపర్వతం
సారూ, ఇది రిటైర్మెంటు ప్రశ్న కాదు, ఫ్లాటు ప్రశ్న. మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంతమంది ఇంత లెక్క వేసేవాళ్ళం కాదు.

సెట్టిపల్లె_షెడ్డు
వద్దు. వద్దు. వద్దు. ఇంకేం రాయను.

సెట్టిపల్లె_షెడ్డు
రాస్తాను. డబ్బు ఇచ్చినందుకు నాకు బాధ లేదు. ఇచ్చిన తర్వాత వాడు నా ఎదురుగా కూర్చుని అన్నం తినడం మానేశాడు. షాపు పోయిందన్న సిగ్గు వాడికి. నేనేం అడగలేదు, అడగనని వాడికి తెలుసు, అయినా వాడు వంటింట్లో తింటాడు, నేను హాల్లో తింటాను. అప్పు ఇచ్చి కొడుకుని పోగొట్టుకోవడం అంటే అదే.

పలమనేరు_తెలుగుసారు
...

గిరింపేట_కుర్రోడు
పెద్దాయనా, మీ మాటకి బాధేసింది. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. నేనూ బెంగుళూరులోనే చేస్తున్నా. రెండు బెడ్‌రూముల అద్దె 35 వేలు, పది నెలల అడ్వాన్సు అడిగే ఓనర్లు కూడా ఉన్నారు. బ్యాంకు మొత్తం ఇవ్వదు, ఇరవై శాతం చేతిలోంచి పెట్టాలి. అది మా జీతంలో మిగలదు. మా నాన్న సహాయం చేయకపోతే చెల్లి చదువు ఆగేది. కొడుకు అడిగితే దొంగ, కూతురి పెళ్ళికి ఇస్తే ధర్మం, ఇదేం లెక్క?

లెక్కలమ్మ
అబ్బాయి చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. కూతురి పెళ్ళికి 25 లక్షలు పెట్టినప్పుడు ఇక్కడ ఎవరూ థ్రెడ్డు పెట్టరు.

కానీ కట్టమంచి సార్, ఒక్కటి చూడండి. ఇవ్వడం వేరు, ఇవ్వడం కోసం ఉద్యోగం మానడం వేరు. మూడేళ్ళు ఆగితే మీకు పైన చెప్పిన ఇరవైన్నర లక్షలు వస్తాయి. ఇప్పుడు దిగి 35 తెచ్చి 30 ఇస్తే మీకు మిగిలేది 5 లక్షలు, 19 వేలు కోసిన పెన్షన్. అంటే చేతికి నెలకి నలభై రెండో, నలభై మూడో. మీ ఆవిడకి, మీకు ఇద్దరికీ అది చాలుతుంది, అప్పుల్లేవు కాబట్టి. ఒక్క పెద్ద ఆసుపత్రి ఖర్చు వస్తే చాలదు.

మోకాళ్ళపర్వతం
హెల్త్ కార్డు ఉంటుంది కదా మేడమ్.

లెక్కలమ్మ
ఉంటుంది. కార్డు పట్టుకుని చిత్తూరు వాళ్ళంతా ఎక్కడికి పోతారు? వేలూరు. అక్కడ ముందు డబ్బు కట్టి, తర్వాత రీఇంబర్స్‌మెంటుకి తిరగాలి. ఆ ముందు కట్టే డబ్బు ఇంట్లో ఉండాలి.

బెంగుళూరా
ఒకాయన కూడా వ్యవసాయం మాట ఎత్తలేదు, ఆశ్చర్యంగా ఉంది. సాధారణంగా ఇట్లాంటి చోట మూడో పోస్టులోనే ఎవరో ఒకరు 'ఊళ్ళో మూడెకరాల మామిడి తోట కొనుక్కుని ప్రశాంతంగా బతకండి' అంటారు. నాకు బంగారుపాళ్యం దగ్గర నాలుగెకరాలుంది. 2025 వేసవిలో తోతాపురి కాయని ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లో పెట్టుకుని మూడు రాత్రులు పడుకున్నా. ఫ్యాక్టరీలు కిలోకి 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అన్నారు. కాయ కోత కూలి, ట్రాక్టరు బాడుగ తీసేస్తే ప్రశాంతత మాత్రమే మిగిలింది.

తెల్లారి వాకింగ్ చేస్తూ తోట చూసుకుంటానని కలగనే సార్లందరికీ నా తోట చూపిస్తా. ఒక్క సీజన్ వచ్చి ఉండండి, తిండి నాది.

గిరింపేట_కుర్రోడు
సంగటి, నాటుకోడి ఉంటే నేనొస్తా అన్నా

పాతచింతకాయ
నడుమ ఒక మాట. దిగిన డబ్బు చేతికి రాగానే ముందు వచ్చేది కొడుకు కాదు, చీటీల మనిషి. నాకు గ్రాట్యుటీ పడిన వారంలో ముగ్గురు ఇంటికొచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పుతానన్నాడు. మా వీధిలో ఒక రిటైర్డ్ ఎంఆర్వో ప్రోనోటు రాయించుకుని ఎనిమిది లక్షలు ఇచ్చాడు. మొహమాటానికి అడగలేదు. మూడేళ్ళు దాటింది, ప్రోనోటుకి కాలదోషం పట్టింది. కాగితం ఇంకా బీరువాలో భద్రంగా ఉంది.

లెక్కలమ్మ
పెద్దాయన చెప్పింది రాసిపెట్టుకోండి. మా మరిది కూడా 6 లక్షలు చీటీలో పోగొట్టుకున్నాడు, నడిపిన మనిషి ఒక ఆదివారం రాత్రి ఇల్లు ఖాళీ చేశాడు.

నన్నడిగితే దిగినవాడి డబ్బుకి నేను చెప్పేది చాలా చప్పగా ఉంటుంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీము, మనిషికి 30 లక్షల దాకా, 8.2 శాతం. మూడు నెలలకోసారి 61,500 ఖాతాలో పడుతుంది. వేసిన రోజు ఉన్న వడ్డీ ఐదేళ్ళూ మారదు. 60 నిండకపోయినా, 55 దాటి వాలంటరీ తీసుకున్నవాళ్ళు డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేసుకోవచ్చు, వచ్చిన బెనిఫిట్ వరకు. ఏడాది లోపు తీసేస్తే వడ్డీ ఏమీ రాదు, తర్వాత తీస్తే ఒకటిన్నర శాతమో, ఒక శాతమో కోత. మంత్లీ ఇన్‌కం స్కీములో 9 లక్షలు వేస్తే నెలకి 5,550. సహకార బ్యాంకులో అర శాతం ఎక్కువ ఇస్తున్నారని మొత్తం అక్కడే పోయకండి, ఒక బ్యాంకులో ఒక మనిషికి బీమా 5 లక్షల వరకే.

రేణిగుంట_మూడోషిఫ్టు
మేడమ్, అంతస్తు వేయకముందు మీరు ఎక్కడున్నారు?

లెక్కలమ్మ
కౌంటర్‌లో ఉన్నా తమ్ముడూ, నువ్వే రాలేదు.

పలమనేరు_తెలుగుసారు
కట్టమంచి సారూ, అసలు జెడ్పీపీఎఫ్ (జిల్లా పరిషత్ ప్రావిడెంట్ ఫండ్) మాట మీరు ఎత్తలేదు. ఎంతుంది? ఇరవై ఏళ్ళు దాటిన సర్వీసు కదా, పార్ట్ ఫైనల్ అని దాంట్లోంచి కొంత తీసుకోవచ్చు. తిరిగి కట్టక్కర్లేదు. ఉద్యోగం మానకుండానే అబ్బాయికి కొంత ఇవ్వొచ్చు. బిల్లు పాసవడానికి ఎంత కాలం పడుతుందో మాత్రం అడక్కండి. నా స్నేహితుడికి చాలా నెలలు పట్టింది, ఆ లోపల వాళ్ళ అమ్మాయి పెళ్ళయి సీమంతం కూడా అయింది.

డీఎస్సీ2003
పార్ట్ ఫైనల్ అట. మాకు పీఎఫ్ ఖాతానే లేదు. నేను ఈ థ్రెడ్డు చదవడం మానేస్తున్నా.

డీఎస్సీ2003
మానలేదు. సార్, ఫ్లాటు ఎవరి పేరు మీద?

కట్టమంచి_సారు
అబ్బాయి, కోడలు పేరు మీద. మేము అక్కడికి పోయి ఉండేది లేదు. మా ఆవిడకి బెంగుళూరు చలి పడదు, నాకు ఆ ట్రాఫిక్ పడదు.

పాతచింతకాయ
ఇల్లు మాత్రం ఇప్పుడే పిల్లల పేరు మీద రాసేయకండి. మా వాడొకాయన సెటిల్‌మెంటు రాసిచ్చి, ఇప్పుడు ఆర్డీవో దగ్గర తిరుగుతున్నాడు. తల్లిదండ్రుల పోషణ కోసం చేసిన 2007 చట్టంలో ఉంది, చూసుకుంటామన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు కాగితంలో లేదు. 'కన్నకొడుకుతో షరతేంటి' అని ఆయనే రాయించలేదు.

కట్టమంచి_సారు
ఇల్లు రాయమని మా వాడు అడగలేదు. వాడు చెడ్డవాడు కాదండీ. ఈ థ్రెడ్డు చదివితే అందరూ వాణ్ణి తిట్టుకుంటారేమోనని భయంగా ఉంది.

గిరింపేట_కుర్రోడు
నేను తిట్టుకోవట్లేదు సార్. వాళ్ళ నాన్న పరాయివాళ్ళనైనా అడుగుతున్నాడని తెలిస్తే వాడే బాధపడతాడు. ఒకసారి వాడినే అడగండి, 30 కాకుండా 10 ఇస్తే ఏమవుతుందని. చిన్న ఫ్లాటో, ఇంకో ఏడాదో. మేము అడిగేటప్పుడు పెద్ద అంకె అడుగుతాం, మీరు తగ్గిస్తారని తెలిసే.

బెంగుళూరా
ఇదొక రహస్యం బయటపెట్టాడు కుర్రోడు. మా అబ్బోడు బండికి లక్షా ఎనభై అడిగాడు. ఆగండి, ఫోన్ చేసొస్తా.

మోకాళ్ళపర్వతం
సార్ మోకాలు ఏమైందో అందరూ మర్చిపోయారు.

కట్టమంచి_సారు
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి ఏమనుకోకండి. తిరుపతి పోయి మోకాలు చూపించుకున్నా. ఆపరేషను ఇప్పుడే అక్కర్లేదట, బరువు తగ్గి, రెండు నెలలు మెట్లెక్కకుండా ఉండమన్నారు. మెడికల్ లీవు పెట్టాను. ముప్పై ఒక్కేళ్ళలో ఇంత పొడవు లీవు ఎప్పుడూ పెట్టలేదు. మొదటి రోజు పొద్దున తొమ్మిదికి ఫోన్ తీసి ముఖం చూపించబోయాను.

వాలంటరీ నోటీసు టైపు చేయించి ఉంచాను, ఇవ్వలేదు. జెడ్పీపీఎఫ్‌లో 17 లక్షలుంది. 10కి పార్ట్ ఫైనల్ పెడతానని అబ్బాయితో చెప్పాను. 'సరే నాన్నా' అన్నాడు. తర్వాత మూడు రోజులు ఫోన్ లేదు. మా ఆవిడ నన్ను తప్పు పట్టింది, 'నువ్వు చెప్పిన తీరు బాలేదు' అంటుంది. అయినా అంకె తగ్గించమన్నది తనే. నాలుగో రోజు కోడలు చేసింది. హొస్కోటె వైపు ఇంకోటి చూస్తున్నారట, కొంచెం చిన్నది.

లెక్కలమ్మ
నోటీసు బీరువాలో పెట్టండి, పాతచింతకాయ గారి వీధిలో ప్రోనోటు పక్కన.

పాతచింతకాయ
😀 మా వీధి బీరువాలు నిండిపోయాయి తల్లీ.

పలమనేరు_తెలుగుసారు
లీవులో ఉండగానే ఎస్సార్ తెప్పించి చూసుకోండి సారూ. 1998 పేజీ.

సెట్టిపల్లె_షెడ్డు
కట్టమంచి సారు, మీరు మోకాలు చూపించుకున్న డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడు? మా వాడు నన్ను తీసుకుపోతానంటున్నాడు.